మూడువందల పన్నెండు తగ్గిన రోజు

మా ప్రొఫెసరుగారికి ఉన్న పిచ్చి ఒక్కటే, సైటేషన్ల పిచ్చి. మనం రాసిన పరిశోధన పేపరును లోకంలో ఇంకెవరైనా తమ పేపరులో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. కాలేయం మీద ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన అంత పెద్ద డాక్టరూ పొద్దున్నే ల్యాబుకు రాగానే చేతిసంచి కూడా దించకుండా కంప్యూటరు ముందు కూలబడి, అవి ఎన్నయ్యాయో చూసుకుని, ఆ అంకెను తెల్లబోర్డు మీద రాస్తేగానీ ఆయనకు టీ గొంతు దిగేది కాదు. అంకె పెరిగిన రోజునే మేమంతా సెలవు చీటీలు పట్టుకెళ్ళేవాళ్ళం.

"పిల్లల మార్కులు ఏనాడూ అడిగిన పాపాన పోలేదమ్మా ఈయన," అని వాళ్ళావిడ నాకు ఫోన్ చేసి వాపోయేవారు. "ఇవాళ పెరిగిందా లేదా చెప్పు. దాన్నిబట్టి ఇంట్లో నోరు విప్పుతాను."

ఓసారి కళ్ళు తిరిగితే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నర్సు బీపీ చూసి "నూట అరవై" అంది. ఈయన మంచం మీద లేచి కూర్చుని, "నిన్న నూట యాభై ఏడే కదా! ఏ పేపరుకి?" అన్నారు. పక్కనున్న నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకోసారి ఎవరో పెద్దమనిషి ఈయన పేపరు శుద్ధ తప్పని ఆరు పేజీలు రాశాడు. ఆ సంగతి ఎలా చెప్పాలా అని మేం హడలి చస్తుంటే, ఆయన బిస్కెట్ల డబ్బా పట్టుకుని గదిగదికీ తిరిగి పంచారు.

"తిట్టాడు కద సార్!"

"తిట్టాలన్నా పేరు రాయాలిగా అమ్మాయ్! ఆరు పేజీల్లో నాలుగుసార్లు రాశాడు, పాపం!"

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే ఒక్కసారి మాత్రం ఆ పిచ్చి నన్ను ఏడిపించింది. ఆరేళ్ళ నుంచీ నాది తాత్కాలిక ఉద్యోగం. ఈసారి పర్మనెంట్ కాకపోతే ఇక ఇంటికే. మూడేళ్ళు మైక్రోస్కోపులో స్లైడ్లను కళ్ళు కాయలు కాచేలా చూసి నేను రాసిన పేపరే మా ల్యాబు మొత్తానికీ గొప్పది. దానికి మూడువందల పన్నెండు సైటేషన్లు! కానీ మా దగ్గర ఎవరు రాసినా ప్రొఫెసరుగారి పేరు ముఖ్య రచయితగా వేయడం ఆనవాయితీ. ఇంటర్వ్యూ కమిటీవాళ్ళు కాగితాలు తిరగేసి, "ఇది మీ ప్రొఫెసరుగారిది కదండీ. మీ సొంతం ఏముంది? రెండు నెలల్లో చూపించండి," అన్నారు.

ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ఒక్క సైటేషన్ పెరిగితే బిస్కెట్లు పంచే మనిషిని మూడువందల పన్నెండు ఇచ్చేయమని ఏ మొహం పెట్టుకుని అడగను? మందుల ఫ్రిజ్ వెనక్కి పోయి, ఆయన్ని మనసులో తిట్టుకుంటూ భోరున ఏడ్చాను. పాడు లెక్క, పాడు బోర్డు!

నెలన్నర తర్వాత ఒక సోమవారం బోర్డు మీద అంకె రెండువేల నూట నలభై నుంచి దభీమని పద్దెనిమిదివందల ఇరవై ఎనిమిదికి పడిపోయింది.

"సార్, కంప్యూటరు పాడైందేమో," అన్నాను.

"అది బాగానే ఉంది. నేనే నీ పేపరు మీంచి నా పేరు తీయించా. ఆ పనిలో నా వంతు గది తాళంచెవి ఇవ్వడమేనని దాన్ని అచ్చేసిన పత్రికవాళ్ళకి ఉత్తరం రాశా. నీ సొంతం ఏముందని అడిగారట కద, ఆ కమిటీకీ ఓ నకలు పంపా."

నేను బోర్డు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాను.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? రోజూ లెక్కపెట్టేవాడికి ఏది తనదో ఏది పరాయిదో తెలియదనుకున్నావా? ఇంకా ముందే తీయించాల్సింది. ఆశ, అమ్మాయ్, ఆశ!" అంటూ ఆయన అటు తిరిగి టీ తాగారు.

ఉద్యోగం పర్మనెంట్ అయింది. మరుసటి ఏడు నేనొక్కదాన్నే రాసిన పేపరు అచ్చయింది. అందులో అవసరమున్న చోటా లేని చోటా కలిపి ఆయన పేపర్లు పదకొండింటిని ప్రస్తావించాను. పత్రికవాళ్ళు ఇదేమిటని అడిగితే, ఒక్కటి తీసినా ఊరుకోనని దెబ్బలాడాను.

అచ్చయిన మర్నాడు పొద్దున్నే ఫోను. "అమ్మాయ్, చూశావా? ఎవరో కొత్తావిడట, ఒక్కతే రాసింది. భలే రాసిందిలే!" అన్నారు.