టీచర్ గారి వడ్లు మొలకెత్తలేదు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తనకి తెలియనిది ఏదీ లేదనిపిస్తుంది. నాకైతే మరీను. నిడదవోలు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్‌గా చేరాను. పుట్టి పెరిగింది రాజమండ్రిలో (వరి పొలాన్ని బస్సు కిటికీలోంచి మాత్రమే చూశాను). జీవుల లక్షణాలు చెబుతూ, ఎండిన వడ్లగింజకి కూడా ప్రాణం ఉందన్నాను. మూడో బెంచీ అమ్మాయి లేచింది. నేను తనకి మనసులో పెట్టుకున్న పేరు 'ఎందుకండి'. "అది కదలదు, తినదు కదండీ. ప్రాణం ఉందని మనకెలా తెలుస్తుందండీ?" అంది. "నానబెట్టి చూద్దాం" అన్నాను దర్జాగా. దారిలో ఉన్న మిల్లులో గుప్పెడు వడ్లు అడిగి తెచ్చి, తడిగుడ్డలో మూట కట్టాను.

మూడో రోజే స్కూలు చూడడానికి ఆఫీసరు గారు వచ్చారు. ఇంతకంటే మంచి సమయం ఏముంటుందని ఆయన ముందే మూట విప్పాను. ఒక్క మొలక లేదు, పైగా పులిసిన వాసన. "అయితే వడ్లకి ప్రాణం లేదంటారా మేడమ్?" అన్నారాయన నవ్వుతూ. అప్పుడు 'ఎందుకండి' లేచి, "ఒక్క మూట చూసి చెప్పలేమండి. ఇంకోసారి చూడాలండి" అంది.

ఆ గింజలు కొన్ని ఇంటికి పట్టుకెళ్లి, పొలం పనులు చేసే వాళ్లమ్మకి చూపించిందట. మర్నాడు విత్తనాల వడ్లు తెచ్చి, "మీరు తెచ్చినవి ఉప్పుడు బియ్యం కోసం ఉడకబెట్టిన వడ్లని మా అమ్మ చెప్పిందండి" అంది. నేను సిగ్గుతో, "ఇంకేం, తెలిసిపోయిందిగా" అన్నాను. "మా అమ్మ చెప్పిందని నమ్మేయకూడదు కదండీ. రెండూ పక్కపక్కన పెడదామండి."

పెట్టాం. వాళ్లవి తెల్లగా మొలకెత్తాయి. నావి మళ్లీ పులిశాయి.

ఆ అమ్మాయి తన నోట్సులో ఇలా రాసింది: "టీచర్ గారి వడ్లు మొలకెత్తలేదు. కారణం: ముందే ఉడకబెట్టారు. ఆ సంగతి టీచర్ గారికి తెలియదు." ఆ చివరి వాక్యం కొట్టేద్దామా అని ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను (అబద్ధమెందుకు, ఒకసారి పెన్ను ఆనించాను కూడా). చివరికి పదికి పది వేసి, కింద సంతకం పెట్టాను. ఆనాటి నాలోని కొత్త టీచరమ్మ తెలివితేటలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సంతకం మాత్రం పెట్టింది, ఆ ఒక్కదానికి ఆమె అంటే నాకు గర్వంగానే ఉంటుంది.