పరుపులాయన పొదుపు

పరుపులు కుట్టే ఆ పెద్దమనిషిని ఎవరైనా చవక పరుపు అడిగారా, అయిపోయారే. "నాసిరకం దూది రెండేళ్ళకే ఉండలు కడుతుంది. నడుం పట్టేస్తుంది. మిగిల్చిన డబ్బుకు నాలుగింతలు డాక్టరుకు పోస్తారు," అని క్లాసు పీకి మరీ మంచి దూది అంటగట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. పక్కనే కూర్చుని గలేబులు కుట్టే భార్యకు అది విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

మండదూ మరి? ఆ దూది ధూళికే ఆయనకు ఉబ్బసం ముదిరింది. ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ రెండు పూటలా పీల్చమని డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చాడు. భార్య పోరు పడలేక కొనేవాడే గానీ, ఒంట్లో బాగున్న రోజు మందు పీల్చడం శుద్ధ దండగని మహానుభావుడి లెక్క. మేలు రకం దూదిని మంచి బేరం కోసం విడిగా దాచే అలవాటు ఈ మందుకూ అంటుకుంది. ఇంకేముంది, నెలా రెండు నెలలకోసారి ఆటోలో ఆస్పత్రికి పరుగు. మాస్కు, సూదులు, ఆక్సిజన్, రెండు రోజులు కొట్టు మూత. ఆ ఒక్క బిల్లుతో ఆరు నెలల మందు వచ్చేది. మొన్నయితే పెదాలు నీలంగా మారాయి. "ఇంకోసారి ఇలా వస్తే నా చేతుల్లో ఉండదమ్మా," అన్నాడు డాక్టరు.

ఇంటికి తెచ్చాక, ఆయన ఆనుకుని కూర్చోవడానికి ఎత్తు దిండు కుడదామని ఆమె మేలు దూది బస్తా విప్పింది. అడుగున మూడు ఇన్‌హేలర్లు దొరికాయి. సీలు కూడా తీయలేదు. మూడింటికీ గడువు దాటిపోయింది.

"ఏంటండీ ఇవి?"

"చలికాలానికి పనికొస్తాయని దాచాను," అన్నాడు నసుగుతూ. "ఓ నెల అటూ ఇటూ అయితే పనిచేయవంటావా?"

ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "చలికాలానికి మందుంటే సరిపోతుందా? మీరుండొద్దూ?" అంది.

అంతలో ఇంటి ముందరి కొట్టు దగ్గరికి ఎవరో వచ్చి చవక పరుపు ధర అడిగారు. ఆయన అలవాటుగా లేచి, "నాసిరకం దూది..." అన్నాడో లేదో, దగ్గు తెర ముంచుకొచ్చింది.

"మీరు కూర్చోండి, మిగతాది నాకు నోటికొచ్చు," అని ఆమే ముందుకు వెళ్ళింది. "ఆయన చెప్పబోయేది నిజమే బాబూ. డబ్బు మిగిలిందనుకుంటాం. నాలుగింతలు డాక్టరుకు పోస్తాం. మేం పోస్తూనే ఉన్నాం, మనిషి దక్కుతాడో లేదో తెలీదు."

వెనకాల ఆయన, ఆస్పత్రిలో ఇచ్చిన కొత్త ఇన్‌హేలర్‌ను సంచిలోంచి తీసి, సీలు చించుతున్నాడు.