వెనకబడిన ఊరికి సున్నం

మొన్న కంటి ఆసుపత్రికి వెళ్లి వస్తుంటే రుషికొండ దారిలో బళ్లన్నీ నిలిచిపోయి మా ఆటో కూడా ఆగింది. పక్కనే తాటిచెట్టంత ఎత్తున ఒక బోర్డు. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకి ఒక జబ్బుంటుంది, కంటపడ్డ ప్రతి బోర్డూ చదవాలి. చిన్నప్పుడే బడికెళ్లినవాళ్లు చూసీ చూడనట్టు పోతారు. నాకు నలభై దాటాక వచ్చిన చదువు, ఒక్క అక్షరం వదిలినా మనసొప్పదు. కూడబలుక్కుని చదివాను. ఇక్కడ నివాసం ఉండండి, వ్యాపారం చెయ్యండి, అన్నింటా ముందున్నది మన విశాఖ అని ఉంది. "ముందంటే ఎవరికన్నా ముందు, బాబూ?" అని ఆటో నడిపే ఆయన్ని అడిగాను. "నాకేటి తెల్సు మామ్మా, ఈ జామ్‌లో మాత్రం అందరికన్నా ఎనకున్నాం" అన్నాడు. ఆయన నవ్వించడానికే అన్నాడు గాని, ముందు, వెనక అన్న మాటలు వింటే నాకు ఇప్పటికీ బుర్ర తిరుగుతుంది. అది ఇవాళ మొదలైన తిరుగుడు కాదు.

అప్పటికి ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కట్టుబడిలోనే ఉంది. మాది ఎలమంచిలి దగ్గర చిన్న ఊరు. మా ఆయన విశాఖ పోర్టులో మేస్త్రీ కింద మూటలు మోసేవాడు. అక్కడ ఒక గదిలో ఆరుగురు మగాళ్లు. శనివారం సాయంత్రం పాసింజరుకి వచ్చి ఆదివారం సాయంత్రం పాసింజరుకి వెళ్లిపోయేవాడు. మా పాపకి రెండేళ్లు. వారానికోసారి కనిపించే మనిషి కనక తండ్రిని చూడగానే గుక్కపట్టి ఏడ్చేది. ఏడుపు మానాక "మావ" అని పిలిచేది. ఎరగని మగవాళ్లందరినీ అలాగే పిలిచేది, పిండిమర అతన్ని, పోస్టుమేన్ని కూడా. మా ఆయన నవ్వేసేవాడు గాని, ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకునేవాడు కాదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ మనిషి రోజూ ఇంటికొచ్చే పని ఏదో ఒకటి దొరకాలి.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఊరికి ప్రెసిడెంటు. మనిషి మంచివాడే. నోరు తెరిస్తే గొప్పలు, తెరవకపోతే ఇంకా పెద్ద గొప్పలు ఆలోచిస్తున్నాడని అర్థం. ఒకరోజు పరుగులాంటి నడకతో మా ఇంటికొచ్చాడు. మద్రాసు నుంచి ఒక పెద్ద వ్యాపారి వస్తున్నాడట, కొబ్బరి పీచుతో తాళ్లు చేసే ఫ్యాక్టరీ పెడతాడట, పరిశ్రమల ఆఫీసరు ఆయన్ని జీపులో తిప్పి జిల్లా అంతా చూపిస్తున్నాడట, మా ఊరి చివరి ఖాళీ దిబ్బ కూడా చూస్తారట. "ఫ్యాక్టరీ వచ్చిందంటే మీ ఆయనకి వాచ్‌మేన్ పని నాను ఇప్పిత్తాను. రాసిపెట్టుకో మరదలా" అన్నాడు. "నాకు రాత రాదు బావా, నువ్వే రాసిపెట్టుకో" అన్నాను. నవ్వుతూనే అన్నాను గాని, ఆ పూట పాప బట్టలు ఉతికి ఆరేస్తూ, ఖాకీ చొక్కా కూడా ఇదే దండెం మీద ఆరేస్తానని లెక్కలేసుకున్నాను.

వాళ్లు వచ్చేలోపల మా బావ ఊరిని గుర్తుపట్టకుండా చేశాడు. వీధి గోడలన్నిటికీ సున్నం కొట్టించాడు. ఎలమంచిలి నుంచి ట్యూబులైట్లు అద్దెకి తెచ్చి పట్టపగలు వెలిగించాడు. ఎవరింట్లోనో ఉన్న రేడియో తెచ్చి పంచాయితీ అరుగు మీద పెట్టాడు. ఊరికి చదువుందని తెలియడానికి నన్ను ఆ అరుగు మీద కూర్చోబెట్టి చేతికి పేపరిచ్చాడు. "సదువుతున్నట్టు ఉండు. మద్దిమద్దిలో పేజీ తిప్పు" అన్నాడు. అందులో ఉన్న మంత్రిగారి బొమ్మ తల పైకి ఉందో లేదో చూసుకుని సరిగ్గానే పట్టుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని కాను.

జీపు దిగారు. ఆఫీసరు సన్నగా, చేతిలో రంగుల పుస్తకంతో ఉన్నాడు. వ్యాపారి తెల్ల పంచె కట్టుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. కొబ్బరి బొండాలిచ్చాక ఆఫీసరు మొదలుపెట్టాడు. మా జిల్లా లాంటిది ఇంకెక్కడా లేదు సార్, అన్నాడు. రేవుంది, రైలుంది, ఉక్కు వస్తోంది. పట్నంలో కొళాయిలున్నాయి, పెద్దాసుపత్రి ఉంది, సాయంత్రమైతే సముద్రపు గాలి. కుటుంబంతో ఉండటానికి ఇంతకన్నా మంచి చోటు మీకు దొరకదు అన్నాడు. వ్యాపారి గడియారం చూసుకున్నాడు. నేను మాత్రం పేజీ తిప్పడం మరిచిపోయాను. కుటుంబంతో అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అంతలో ఆఫీసరు అదే గొంతుతో, "పైగా సార్, ఈ ప్రాంతం చాలా వెనకబడింది" అన్నాడు. పెళ్లికూతురు గుణం చెప్పినట్టు చెప్పాడు! ఇప్పుడే కదా జిల్లా అంతటిది ఇంతటిది అన్నాడు, ఇదేమిటి? తర్వాత తెలిసిందేమిటంటే, వెనకబడిన చోట ఫ్యాక్టరీ పెడితే సర్కారు రాయితీ ఇస్తుందట. అంటే జిల్లా ముందుండాలి, ఊరు వెనకుండాలి. రెండూ ఒకే జీపులో తిరగాలి.

ఆఫీసరు మా బావని పక్కకి లాగాడు, నా వీపు వెనకే. "ఏమండీ ప్రెసిడెంటు గారూ, ఊరు వెనకబడిందని నేను రాస్తే, మీరు సున్నాలు కొట్టి లైట్లేస్తారా?"

"ఎనకబడిపోనామని ఇంటికొచ్చిన సుట్టానికి సెప్పుకుంటామేటండీ? సిగ్గు నేదా?" అన్నాడు మా బావ.

ఈలోగా వ్యాపారి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవ యాసలో, "ఏమ్మా, పేపర్లో ఏం వార్త?" అన్నాడు. నేను బావ వంక చూశాను. బావ కళ్లతో ఏదో చెబుతున్నాడు, అది తల ఊపమనో, నోరు ముయ్యమనో తెలియలేదు. నాకు నోట్లో మాట దాచుకోవడం ఎప్పుడూ చేతకాలేదు. "నాకు సదువు రాదు బాబూ. మా బావ పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను" అన్నాను. వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. "చూశారా సార్, నేను చెప్పలేదూ!" అన్నాడు. మా బావ ముఖం మాత్రం చూడలేకపోయాను. నేను మంచి చేశానో చెడు చేశానో అర్థంకాక పేపరు మడత పెట్టుకుంటూ కూర్చున్నాను.

నెల తిరిగేసరికి కబురొచ్చింది. ఫ్యాక్టరీ రాదు. ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు. "సదువురాని ఊళ్లో ఎవుడు ఫ్యాక్టరీ పెడతాడు? అంతా నీ నోటివల్లే" అన్నాడు బావ. మా అక్క వంటింట్లోంచి గరిట పట్టుకుని వచ్చింది. "దాన్నంటావేటి? ఎనకబడిన ఊరు కావాలనీసి ఆళ్లొస్తే, నువ్వు సున్నం కొట్టి దొరగారి బంగళా సేసీసినావు. ఎవుడుంటాడు?" అంది. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలియదు. అసలు రెండూ కాకపోవచ్చు, ఆ వ్యాపారికి మా కొబ్బరి బొండం నచ్చకపోయి ఉండొచ్చు.

ఆ ఆదివారం మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే పాప చెయ్యూపి, "మావా, టాటా" అంది. ఆయన వెళ్లాక నేను గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టాను. పని ఊరికి రాకపోతే ఊరే పని దగ్గరికి వెళ్తుంది, అంతే. బావ స్టేషనుకి వచ్చాడు. "ఎల్లు ఎల్లు. ఆఫీసరు గారు నీకూ రాయితీ ఇత్తాడు" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు.

జాలరిపేట పక్కన ఒక గది తీసుకున్నాం. కొళాయి ఉంది, నీళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి. సముద్రపు గాలీ ఉంది, దాంతోపాటు ఎండుచేపల వాసనా ఉంది. పెద్దాసుపత్రి ఉంది, అక్కడ పెద్ద వరసా ఉంది. ఆఫీసరు అబద్ధం చెప్పలేదు, పూర్తిగా చెప్పలేదంతే. ఓ పదిహేను రోజులకి, ఒక ఉదయం మా ఆయన పనికి బయల్దేరుతుంటే పాప ఏడుపు లంకించుకుంది. ఈసారి చూసి కాదు, వెళ్తున్నాడని. "నాన్నా" అంటూ గుమ్మం దాటి పరిగెత్తింది. ఆ రోజు ఆయన పనికి ఆలస్యంగా వెళ్లి మేస్త్రీ చేత తిట్లు తిన్నాడు.

తర్వాత తీరంలో చేపలకి వచ్చే ఆడవాళ్లకి పొద్దున్నే ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టాను. మొదటిరోజు ఒకామె కొరికి చూసి, "ఓలమ్మా, ఇది ఇడ్లీయా, వలకి కట్టే గుండా?" అంది. మర్నాడు మళ్లీ ఆమే వచ్చి నాలుగు కట్టించుకుంది. ఆ సందులోనే చర్చి పక్కన ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు ఆడవాళ్లకి అక్షరాలు చెప్పేది. చాలా ఏళ్లు ఆ గుమ్మం ముందు నుంచి పోయి, ఆఖరికి ఒకరోజు లోపలికి వెళ్లాను.

అంతకన్నా చాలా ముందే, ఒకసారి ఆ ఆఫీసరు తీరానికి షికారుకొచ్చాడు. గుర్తుపట్టి ఆపాను. "బాబూ, ఆవేళ మీరు సెప్పిన మాటలిని వచ్చీసినాను, కుటుంబంతో" అన్నాను. ఆయన బిత్తరపోయి, "ఏం ఫ్యాక్టరీ అమ్మా మీది?" అన్నాడు. ఇడ్లీల గిన్నె చూపించాను. వంగి లోపలికి చూశాడు. ఆయనదీ వేరే జిల్లా అట, ఇంకా అద్దె ఇల్లే అట. "నిజంగా బాగుందా అమ్మా ఇక్కడ?" అని అడిగాడు. వేళాకోళానికి కాదు, తెలియకే అడిగాడు. రెండిడ్లీలు పెట్టి పంపించాను.

ఈ ఊరి గొప్ప చెప్పడానికి ఆయనకి పట్టింది ఓ అరగంట. అది నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు నా వయసంతా పట్టింది, ఇంకా తేలలేదు.