రెండో లైన్లోకి వచ్చిన పదో ట్యాంకు

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చేసరికి మా కెమికల్ యార్డులో లారీ తూకం వేస్తున్నాను. పైడిరాజు బావ ఇక లేడన్నారు.

"ఏ పైడిరాజు?" అన్నాను. తెలిసే అడిగాను.

టీ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడట. హాస్పిటల్ దాకా కూడా రాలేదు.

మాకు చుట్టరికం లేదు. అయినా బావే. కంచరపాలెంలో మేడ మీద గదిలో పిల్లలకి పీహెచ్‌పీ కోడింగ్ నేర్పేవాడు. మా యార్డు గేటు దగ్గర టీవీలో కనిపించే ట్యాంకుల పేజీ ఆయన రాసిందే. తూకం అవ్వగానే, సరుకు ఏ ట్యాంకులో దించాలో ఆ లైను పచ్చగా వెలుగుతుంది. తొమ్మిది ట్యాంకులు, తొమ్మిది లైన్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒకసారి ఊరికే చూడ్డానికి వచ్చాడు. గొట్టాలు బిగించే సింహాచలం స్క్రీన్ మీద పేరు చదవట్లేదు. పైనుంచి లైన్లు లెక్కపెడుతున్నాడు.

"మూడోది పచ్చగుంటే మూడో టాంకు. సదవడం ఏటికి బావా?"

అందరం నవ్వాం. బావ నవ్వలేదు.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి లాక్కెళ్లాడు. వంటింట్లో పప్పుల డబ్బాలు దించి, T1 నుంచి T10 దాకా చీటీలు అంటించాడు. "నా పప్పులన్నీ కలిపేత్తారేటి" అని బావ భార్య, మా అక్క, అరుస్తూనే ఉంది.

"కేసార్ట్ అని రాసినాను. పేర్లని వరసలో పెడతాది. కానీ ముందు T ఉంది కదా, దానికిది అంకె కాదు, రాత. అక్షరం అక్షరం సూస్తాది. T పక్కన ఒకటి కనిపిత్తే సాలు, తీసుకెళ్లి T1 ఎనకాల నిలబెట్టేత్తాది."

పదో డబ్బా తెచ్చి రెండో దాని చోట పెట్టాడు. మిగతావన్నీ వెనక్కి జరిపాడు.

"ఇప్పుడు మీ సింహాచలాన్ని పిలు. రెండోది సూపించమను."

వరసగా లెక్కపెట్టాను. రెండోది T10.

కోడ్‌లో ఒక్క మాట కలిపితే సరిపోతుందన్నాడు. మేనేజర్ ఒప్పుకుంటేనా? నడుస్తున్నదాన్ని కెలకొద్దు, పదోది కట్టినప్పుడు చూద్దాం అన్నాడాయన.

అప్పట్నుంచి ఎక్కడ కలిసినా బావ మొదటి మాట అదే. "పదోది ఏమైనా కడతన్నారేటి?" బావకి పదో నెంబరు దెయ్యం పట్టిందని ఏడిపించేవాళ్లం.

పోయిన వారం పదో ట్యాంకుకి పెయింట్ వేశారు. వెంటనే బావకి ఫోన్ చేశాను.

"సోమవారం వత్తాను. నానొచ్చేదాకా ఎవుల్నీ ముట్టనీకు."

సరే అన్నాను.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే బావకి నిప్పు పెట్టాం.

ఇంకా అక్కడే ఉన్నాం, యార్డు గ్రూపులో ఫోటో వచ్చింది. పదో ట్యాంకుని ఎవరో స్క్రీన్ ఎక్కించేశారు. రెండో లైన్లో. కింద అందరూ చప్పట్ల బొమ్మలు.

రెండో ట్యాంకులో ఉన్నది యాసిడ్. పదోదానికి వచ్చేది బ్లీచింగ్ ద్రవం. అవి కలిస్తే వచ్చేది విషపు గ్యాస్. గ్యాస్ అంటే ఏంటో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా యార్డు గోడ అవతలే ఇళ్లు.

సింహాచలానికి ఫోన్ కొట్టాను.

"లారీ వచ్చేసినాది. రెండోది పచ్చగుంది. గొట్టం లాగతన్నాను."

"ఆగు. నా మీద ఒట్టు, ఆగు."

స్నానం చేసిన తడి బట్టలతోనే ఆటో ఎక్కాను.

ఈ పోస్ట్ రెండో ట్యాంకు కింద కూర్చుని రాస్తున్నాను. గొట్టం మూతి నా ఒళ్లో ఉంది. సింహాచలం పక్కనే కూర్చున్నాడు.

ఈ ఒక్క లారీని పేరు చదివి దించగలం. తర్వాత షిఫ్టు వాళ్లు మళ్లీ లైన్లే లెక్కపెడతారు. రెండు నుంచి తొమ్మిది దాకా అన్నీ జరిగిపోయి ఉన్నాయి. పేజీ బాగయ్యేదాకా ఇక్కడ ఏ వాల్వూ తిప్పనివ్వను.

ముందు లోడు దించు, లేకపోతే రేపట్నుంచి రావద్దు అని మేనేజర్ ఫోన్. లారీ ఇంజిన్ ఆపలేదు. రెండో లైను పచ్చగా వెలుగుతూనే ఉంది.

బావ దగ్గర నేర్చుకున్న వాళ్లు ఎవరైనా ఇది చదివితే, దయచేసి గాజువాక వచ్చేయండి. యార్డు ఎక్కడో మన వాళ్లందరికీ తెలుసు. కేసార్ట్‌లో కలపాల్సిన ఆ ఒక్క మాట మీకు చెప్పే ఉంటాడు. నాకూ చెప్పాడు. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

బావా, సోమవారం వస్తానన్నావు. నువ్వొచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వనన్నాను.

ముట్టనివ్వలేదు.

ఇంక నువ్వు భయపడకు. హాయిగా పడుకో బావా.