పచ్చి కొయ్య

ఉదయగిరి కోట కింద వీధిలో హుసేనయ్య కొయ్య గరిటెలు చెక్కేవాడు. తాత చెక్కాడు, తండ్రి చెక్కాడు, ఈయనా చెక్కాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయిగానీ, చెక్కిన గరిటె ఒక్కటీ ఆయనది కాదు. ఆత్మకూరు వ్యాపారి కోదండరామయ్య కొయ్య పంపేవాడు, గరిటెలు తీసుకుపోయేవాడు, చేతిలో కూలి పెట్టేవాడు. పాపం, ఆయన చెడ్డవాడేం కాదు. కానీ హుసేనయ్యకు ఒకటే కోరిక ఉండేది. కొయ్య తనదవ్వాలి, కొట్టు తనదవ్వాలి, గరిటె ఎవరికి అమ్మాలో తానే చెప్పాలి.

చేతిపనుల వాళ్ళకు సర్కారు అప్పులిస్తోందని పంతొమ్మిది వందల యాభై నాలుగులో ఆత్మకూరు బస్సుల దగ్గర విన్నాడు. ఇక చూడండి, ఆరు నెలలు చెప్పులరిగేలా తిరిగాడు. కరణం సంతకం ఉంటే ముద్ర ఉండదు, ముద్ర ఉంటే ఆఫీసరు ఉండడు. చివరికి ఉన్న ఒక్క ఇంటినీ హామీ రాసిచ్చాక అప్పు మంజూరైంది. సగం సొమ్ము ముందిస్తారు, దాంతో కొయ్య కొనాలి. ఆ కొయ్యను ఇనస్పెక్టరు వచ్చి చూసి సంతకం పెడితే, పనిముట్లకూ కొట్టుకూ మిగతా సగం ఇస్తారు.

ఇనస్పెక్టరు పేరు చంద్రశేఖర్. డెల్టా వైపు కుర్రవాడు. కాగితం బాగా తెలుసు, కొయ్య తెలియదు. సొమ్ము ఇప్పించిన రోజే గట్టిగా చెప్పాడు: తాను వచ్చి చూసేదాకా సరుకు మీద చెయ్యి వెయ్యకూడదు, నాలుగు రోజుల్లో వస్తానని.

హుసేనయ్య కొండ మీది నర్ది చెట్ల కొయ్య రెండు బండ్లు దింపించాడు. నర్ది సంగతి ఆ వీధిలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి. చెక్కాక నీడన ఆరబెట్టాలి. చెక్కకముందే ఆరిందా, ఉలి జారిపోతుంది, దుంగ చివర్ల నుంచి నెర్రెలిస్తుంది. అయితేనేం, నాలుగు రోజులే కదా అనుకున్నాడు. తడి గోతాలు కప్పి కూర్చున్నాడు.

అంతలో యాభై ఐదు ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. ఆఫీసర్లందరినీ ఆ డ్యూటీకి వేశారు. నాలుగు రోజులు పదిహేనయ్యాయి, పదిహేను ముప్ఫై అయ్యాయి. భార్య మస్తానమ్మ రోజూ బావి నుంచి నీళ్ళు మోసి గోతాలు తడుపుతూనే ఉంది. బావిలో నీళ్ళు అడుగంటాయి, ఎండ ముదిరింది.

"నువ్వు చెక్కు. ఆయనొస్తే గరిటెలే చూపిద్దాం. కొయ్య కాకపోతే గరిటె, ఏం పోయింది?" అంది ఆమె.

"సర్కారు మాట, మే. చెయ్యి వేస్తే ఇల్లు పోతాది."

ఎంత పనిమంతుడైనా సర్కారు కాగితం ముందు చేతులు కట్టుబడిపోతాయి కాబోలు! తాత నేర్పిన పని పక్కనబెట్టి, కొయ్య ఎరగని కుర్రవాడి మాట పట్టుకుని కూర్చున్నాడు. నలభయ్యో రోజు గోతాలు ఎత్తి చూస్తే ప్రతి దుంగ చివరా పగిలి ఉంది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడే చంద్రశేఖర్ బస్సు దిగాడు. కుప్ప చుట్టూ తిరిగాడు. ముక్క పోలేదని తెగ సంబరపడ్డాడు. హుసేనయ్య అంత నిజాయితీపరుణ్ణి తాలూకా మొత్తంలో చూడలేదని మెచ్చుకుని కాగితం తీశాడు. సంతకం పెడితే మిగతా సగం వస్తుంది. మస్తానమ్మ గుమ్మంలోంచి నోరెత్తవద్దని సైగ చేసింది. హుసేనయ్య ఇంటి వైపు చూశాడు, కుప్ప వైపు చూశాడు.

"సార్, ఈ కొయ్య ఎండిపోయుండాది. పొయ్యిలోకి తప్ప పనికిరాదు. సంతకం పెట్టబాకండి."

చంద్రశేఖర్ కలం అక్కడే ఆగింది. మరి పచ్చిగా ఉన్నప్పుడే ఎందుకు చెక్కలేదని అడిగాడు.

"తమరు చెయ్యి వెయ్యొద్దని చెప్పినారు సార్."

ఆ కుర్రవాడు మొహం చిన్నబుచ్చుకుని దుంగ మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదిహేను రోజులు ఆగుతానని, ఆలోగా ఈ కొయ్యతోనే ఏదో ఒకటి చేసి చూపించమని, లేకపోతే ఇల్లు పోకుండా ఆపడం తన చేతిలో లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

దారి మస్తానమ్మే చూపింది. వడ్లు ఉడకబెట్టే గంగాళం అడిగి తెచ్చి, దుంగలు కోయించి, నీళ్ళలో పడేసి ఉడికించింది. చివరలు పనికిరాలేదు. నడుమ జానెడు ముక్క మాత్రం మెత్తబడింది. జానెడు ముక్కలో పెద్ద గరిటె ఎలా వస్తుంది? చిన్న చెంచాలే వచ్చాయి. ఉప్పుకో చెంచా, పచ్చడికో చెంచా, కాఫీలో చక్కెర కలుపుకోవడానికో చెంచా. హుసేనయ్య పగలంతా చెక్కేవాడు, ఆమె నున్నగా రుద్దేది. పదిహేనో రోజుకు చాప నిండింది. అంత చిన్నవి ఆ వీధిలో అంతకుముందు ఎవరూ చెక్కలేదు.

చంద్రశేఖర్ వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూసి సంతకం పెట్టాడు. ఇకమీదట ఈ పనికి తనిఖీ అంటే చెక్కిన వస్తువును చూడటమేనని, కొయ్యను ఆపకూడదని కాగితం అడుగున తన చేత్తో రాశాడు. ఆ వేసవిలోనే కొట్టు లేచింది. రెండేళ్ళకు అప్పు తీరి ఇంటి కాగితం తిరిగొచ్చింది.

అప్పట్నుంచీ హుసేనయ్యకు ఒక అలవాటైంది. ఒకసారి పెద్ద ఆఫీసరొకాయన జీపులో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. వెంట చంద్రశేఖర్ ఉన్నాడు. వీధంతా లేచి నిలబడింది. హుసేనయ్య కాళ్ళ మధ్య పచ్చి నర్ది ముక్క ఉంది. తల ఎత్తి దణ్ణం పెట్టాడుగానీ లేవలేదు.

"రొంతసేపు కూర్చోండి సార్. కొయ్య ఆరిపోతాది."

పెద్దాయన కనుబొమ్మలు ముడిచాడు. చంద్రశేఖర్ వెళ్ళి, పక్కనున్న దుంగ మీద కూర్చున్నాడు.