గీతకు అటూ ఇటూ

కుట్టుమిషను పెద్దమ్మ అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. ఆమె ఇల్లూ కొట్టూ ఒకటే, దానికి సరిగ్గా ఎదురుగా చెల్లెలి ఇల్లు. ఓట్ల రోజున ఇద్దరూ కలిసే బయలుదేరేవారు. చెరో పార్టీ కావడంతో దారి పొడవునా వాదులాటే.

ఒక ఏడాది నియోజకవర్గాల హద్దులు మార్చారు. గీత ఆ వీధి నడిమధ్యగా పోయింది. శాసనసభకు అక్కది ఒక నియోజకవర్గం, చెల్లెలిది ఇంకొకటి అయిపోయాయి. పైగా అక్క వైపు సీటును మహిళలకు కేటాయించారు.

"అయితే మావైపు ఆడవాళ్లే ఓటెయ్యాలా? మరి మా ఆయన గతేంటి?" అంది పెద్దమ్మ మిషను ఆపి.

చెల్లెలి భర్త బడిపంతులు. ఆయన పకపకా నవ్వాడు. "కాదు వదినా, పోటీకి నిలబడేది ఆడవాళ్లు. ఓటు మాత్రం అందరిదీ."

"మరి నువ్వు ఇంకోసారి కూడా వేసొస్తావుగా?"

"అది శాసనమండలికి, టీచర్ల నియోజకవర్గం. రెండు మూడు జిల్లాలకు కలిపి ఒకటే, ఓటు మాత్రం పాఠాలు చెప్పేవాళ్లకే."

"మా కుట్టేవాళ్లకి లేదేం మరి?" అని మూతి ముడిచింది పెద్దమ్మ.

ఎన్నికలైన కొన్నాళ్లకు వీధి మధ్యలో మురుగుగుంత మూత విరిగింది. చెల్లెలి కాలు అందులో పడి చీలమండ బూరెలా వాచింది. పెద్దమ్మ కొట్టు మూసేసి తమ శాసనసభ్యురాలి ఆఫీసుకు పరుగెత్తింది. గుంత అటుపక్కది అన్నారు. చెల్లెలి వైపు ఆఫీసుకు వెళితే ఇటుపక్కది అన్నారు.

"గుంతకి అమ్మా నాన్నా ఎవరూ లేరన్నమాట" అని మూలిగింది చెల్లెలు మంచం మీద నుంచి.

"పార్లమెంటు నియోజకవర్గం పెద్దది వదినా, శాసనసభవి కొన్ని కలిస్తే అదొకటి. అందులో మీరిద్దరూ ఒక్కటే" అన్నాడు పంతులు.

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

పార్లమెంటు సభ్యుడు పక్క వీధిలో గ్రంథాలయం తెరవడానికి వచ్చినప్పుడు, పెద్దమ్మ చెల్లెల్ని ఆటోలో తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఆయన ఎదురుపడగానే కట్టు కట్టిన కాలు చూపించింది.

"వీధికి ఏ పక్కన పెట్టినా ఇది మీ ఓటరు కాలే బాబూ."

జనం గొల్లుమన్నారు. ఆయన నవ్వాపుకుంటూ అక్కడికక్కడే రెండు ఆఫీసులకూ ఫోన్ చేశాడు.

మర్నాడు రెండు వైపుల నుంచీ చెరో మూత వచ్చింది. ఒకటి సరిపోయింది. రెండోదాన్ని తెచ్చినవాళ్లు తిట్టుకుంటూ మోసుకుపోయారు.

కాలు నయమయ్యేదాకా చెల్లెలు అక్క ఇంట్లోనే ఉంది. నయమయ్యాక కూడా నాలుగు రోజులు కుంటుతూనే ఉంది. పెద్దమ్మ అది కనిపెట్టినా, ఏమీ ఎరగనట్టే వేడినీళ్ల కాపడం పెట్టింది.