పసుపు చేపకి తోడు

మా రెండోవాడు దర్జీ. పొద్దంతా మిషను తొక్కి ఇంటికొచ్చి, మెళ్ళో టేపు తియ్యకుండానే అద్దాల తొట్టి ముందు కూర్చుంటాడు. అందులో ఉండేవి ఆఫ్రికా చేపలు, సిక్లిడ్లంట. చూడ్డానికి బంగారాలు, బుద్ధికి తోడికోడళ్ళు. మెతకదాన్ని వేస్తే పీక్కుతింటాయి, తమ రంగుదే వేస్తే అసలు ఊరుకోవు. అందుకని వాటికి తోడు తేవాలంటే ఒళ్ళూ, రంగూ, కోపం అన్నీ చూస్తాడు. పెళ్ళాన్ని చేసుకునేటప్పుడు ఇందులో సగం చూళ్ళేదు. కొత్తది వేసేరోజు లోపలి రాళ్ళన్నీ తీసి మార్చి పేరుస్తాడు. "ఇది నా ఇల్లన్న పొగరు పాతవాటికి పోవాలమ్మా" అంటాడు. ఒక ముసలి పసుపు చేపైతే వాడి వేలి మీంచే మేత తినేది.

చేపలకొట్టువాడు వీడికి చిన్ననాటి నేస్తం, ఒకణ్ణొకడు బావా అనుకుంటారు. మొన్నామధ్య వాడు ఒక నీలం చేపనిచ్చి, "ఇది సాధువు బావా, కళ్ళు మూసుకుని వేసుకో" అన్నాడు. వీడు నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. తెల్లారేసరికి పసుపుది రెక్కలు చిరిగిపోయి ఓ మూల చచ్చి తేలుతోంది. వెళ్ళి అడిగితే, "అన్నిటినీ చంపేస్తోందని ఇద్దరు తిరిగిచ్చేశారు బావా. నీకైతే లొంగుతుందనుకున్నా" అని నవ్వాడంట.

"ఆ దయ్యాన్ని వాడి మొహానే కొట్టరా" అన్నాను.

"ఇస్తే ఇంకొకళ్ళకి సాధువని అంటగడతాడమ్మా" అన్నాడు. దాన్ని వేరే తొట్టిలో ఒంటరిగా పెట్టి, రోజూ మేతేస్తున్నాడు. ఆ మేత కోసం ఇప్పటికీ ఆ కొట్టుకే వెళ్తాడు. గుమ్మం బయటే నిలబడి, ముక్కూమొహం తెలీనివాడిలాగా, "ఒక డబ్బా ఇవ్వండి" అంటాడు.